అత్తకు వాసనలు చెప్పిన ఏళ్ళు

పోయిన నెల హోసూరులో మా చెల్లెలి కూతురు కొన్న కొత్త అపార్ట్‌మెంటు చూడడానికి వెళ్ళాను. హాల్లో కూచుని కాఫీ తాగుతుంటే నా తల వెనక గోడ మీద ఎవరో చిన్నగా తుమ్మినట్టు చప్పుడైంది. ఉలిక్కిపడి తిరిగి చూస్తే స్విచ్చుల పక్కన తెల్లటి చిన్న డబ్బా ఒకటి తగిలించి ఉంది. "ఏం లేదు పెద్దమ్మా, రూమ్ ఫ్రెష్‌నర్. టైముకు దానంతట అదే కొడతా ఉంటాది" అని నవ్వింది ఆ పిల్ల. ఇదేం వాసనమ్మా అని అడిగాను. లేచి వెళ్ళి, డబ్బా తిప్పి, దాని మీద రాసింది చదివి, "లావెండర్" అంది. తప్పు పట్టి చెప్పడం లేదు. పొద్దున పోయి చీకటి పడ్డాక ఇల్లు చేరే పిల్ల. ఇల్లు మంచి వాసన రావాలని కోరుకుంది, అంతే. కానీ కృష్ణగిరికి తిరిగి వచ్చే బస్సులో కిటికీ పక్కన కూచుంటే, సూలగిరి కొండలు దాటిపోయినా, మా అత్త రత్నమ్మే మనసులో మెదులుతూ ఉంది. నీళ్ళకూ బట్టలకూ నూనెకూ మనుషులకూ వాసన పట్టించడమే పనిగా బతికిన మనిషి ఆమె. కళ్ళు మూసుకుని ఏ వాసన ఎక్కడిదో చెప్పగలిగిన మనిషి. అలాంటి మనిషికి ఒక వానాకాలంలో ఏమైందో, ఆ తర్వాత మేమిద్దరం ఎలా నెట్టుకొచ్చామో ఇంతవరకూ నేను ఎక్కడా రాయలేదు.

మాది సామల్పట్టి రైలు స్టేషను నుంచి లోపలికి, మామిడి తోటల మధ్య ఊరు. పన్నెండో తరగతితో చదువు ఆపించి నాన్న సంబంధాలు చూడడం మొదలుపెట్టినప్పుడు రత్నమ్మ అత్త నన్ను చూడడానికి వచ్చింది. వచ్చినవాళ్ళు ఏమేమి అడుగుతారో ఊహించి అమ్మ నాకు జవాబులన్నీ నేర్పి పెట్టింది. అత్త ఏమీ అడగలేదు. నన్ను పక్కన కూచోబెట్టుకుని, నా జడ అందుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, కాసేపు అలాగే ఉండిపోయింది. "ఆముదము పెడతారు పిల్లకి. నిన్న శీకాయ ఏసి తల పోసినారు. పొద్దున కట్టెల పొయ్యి కాడ కూచోనుండాది" అంది. తర్వాత జడ నా ఒళ్ళో పెట్టి, "మంచి ఇల్లే" అని తేల్చేసింది. మా అమ్మకు నవ్వాలో కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. నేనైతే సిగ్గుతో తల ఎత్తలేదు. ఆ పెళ్ళి అలా ఒక జడ వాసన మీద కుదిరింది.

అత్తవాళ్ళ ఇల్లు హోసూరు పాత ఊరిలో ఒక ఇరుకు సందులో ఉండేది. ఫ్యాక్టరీలూ, వాటి పొగ గొట్టాలూ, షిఫ్టు బస్సులూ అన్నీ ఊరికి అవతలి వైపు. మామగారు నా పెళ్ళికి చాలా ముందే పోయారు. ఇంట్లో ఉన్నది అత్త, మావారు సీనప్ప, నేను. ఆయన బండ్ల ఫ్యాక్టరీలో షిఫ్టు పనికి పోయేవారు. ఆ ఇంట్లోకి అడుగు పెట్టిన రోజు చుట్టూ ఎవరెవరున్నారో నాకు గుర్తు లేదు. గాలి గుర్తుంది. గడప దాటగానే చల్లగా, కొంచెం చేదుగా, కొంచెం తియ్యగా ఏదో వచ్చి ముఖానికి తగిలింది. అది ఒక్క వాసన కాదనీ, ఒక్కో మూలకు ఒక్కోటి ఉందనీ తెలియడానికి చాలా కాలం పట్టింది. తాగే నీళ్ళ కుండలో వట్టివేళ్ళ కట్ట మునిగి ఉండేది. పట్టుచీరల పెట్టెలో ఎండిన దవనం, గుడ్డముక్కలో మూట కట్టిన లవంగాలు. తలగడల కింద మరువపు రెమ్మలు. వక్కపొడిలో పచ్చకర్పూరం. తలంటుకున్న రోజు జుట్టుకు పట్టే సాంబ్రాణి పొగ వేరు, సందెవేళ దీపం పెట్టాక ఇంటి మూలమూలకూ తిప్పే పొగ వేరు, పురిటి గదిలో బట్టలకు పట్టే పొగ వేరు. ఒకదానిలో వేపాకు, ఒకదానిలో గుగ్గిలం, ఒకదానిలో ఆవాలు. సీనప్ప యూనిఫారానికి కూడా ఆ ఇంటి వాసన పట్టేసింది. ఫ్యాక్టరీ బస్సులో "ఏమప్పా, మీ ఇంట్లో దినామూ పెండ్లేనా?" అని అందరూ ఏడిపిస్తారని చెప్పి నవ్వేవారు. మొదటిసారి పుట్టింటికి వెళ్ళినప్పుడు మా అమ్మ నన్ను పట్టుకుని, "నీ వాసనే మారిపోయిందే" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

వీటన్నిటికీ మించింది నూనె. సందులోకి తెరుచుకునే ముందు గది కిటికీ దగ్గర, గాజు జాడీల్లో ఎర్రగా మెరుస్తూ తలనూనె ఉండేది. చుట్టుపక్కల ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా, ఏ పిల్ల పెద్దమనిషయినా, ఎవరికి జ్వరం తగ్గి తలకు పోసినా నూనె రత్నమ్మ ఇంటికి మనిషి వచ్చేవాడు. చేసే పద్ధతి ఆమె ఎవరి దగ్గరా దాచలేదు. కచ్చూరాలు, తుంగముస్తెలు, జటామాంసి, మెంతులు దంచి కొబ్బరినూనెలో వేసి, ఎరుపు రంగుకు వేంబాళం పట్ట వేసి, జాడీ మూతికి పల్చటి గుడ్డ కట్టి మిద్దె మీద ఎండలో పెట్టేవాళ్ళం. మల్లెల కాలంలో ఇంకో పని. వెడల్పాటి పళ్ళెంలో ఒక వరస నువ్వులు, ఒక వరస మల్లెమొగ్గలు పరిచి మూత పెట్టేది. వాడిన పూలు తీసేసి మళ్ళీ కొత్తవి పరిచేది. నువ్వు గింజ నోట్లో వేసుకుంటే మల్లెపువ్వు నమిలినట్టు ఉండేదాకా అలా చేసి, అప్పుడు గానుగకు పంపేది. ఆ మధ్యాహ్నాలు నాకు ఇప్పటికీ నిద్రలో వస్తాయి. మిద్దె మీద జాడీల వరస, ఎండకు వాటి ఎర్రటి నీడలు నేల మీద కదలకుండా పడి ఉండడం, ఎక్కడో ఫ్యాక్టరీ సైరను, కొంగు తల మీద వేసుకుని ఒక్కో జాడీ మూత విప్పి వంగి చూసే అత్త.

దంచడం, వడకట్టడం, పూలు మార్చడం అన్నీ నా చేత చేయించేది. కడపటి చెయ్యి మాత్రం ఆమెదే. గంధం, పచ్చకర్పూరం, మల్లెనూనె ఏ జాడీలో ఎంత కలపాలో ఆమె ముక్కే చెప్పాలి. ఒక బొట్టు తీసి మణికట్టు వెనక రాసుకుని, కళ్ళు మూసుకుని, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, ఏదో చిటికెడు వేసి, మళ్ళీ రాసుకుని చూసేది. ఆ సమయంలో ఇంట్లో ఎవరూ పోపు పెట్టకూడదు. "కొలత చెప్పత్తా, నేర్చుకుంటాను" అని ఒకసారి అడిగాను. "ఒగ ఏడు కచ్చూరాలు ఘాటుగా ఉంటాయి, ఇంగో ఏడు సప్పగా ఉంటాయి. దానికి యాడ కొలత పెట్టేది? ముక్కుండాల, ముక్కు" అంది. నాకు ముక్కు లేదని చెప్పినట్టే అనిపించింది. మళ్ళీ అడగలేదు.

ఆ వానాకాలం హోసూరంతా జ్వరాలు. సందులో ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు మంచం పట్టారు. మా ఇంట్లో అత్త పడింది. ఒళ్ళు కాలిపోయేది. తల పగిలిపోతోందని గోడకు ఆనుకుని కూచునేది. జ్వరం తగ్గింది. లేచి తిరిగింది. మళ్ళీ జాడీల దగ్గర కూచుంది. కానీ మనిషిలో ఏదో మారింది. పూలమ్మి గంప దించితే ముందుగా వంగి చూసే మనిషి, ఇప్పుడు "తీసుకోయే" అని నాకు చెప్పి లోపలికి పోయేది. అన్నం కలుపుకుని, రెండు ముద్దలు తిని, చెయ్యి కడిగేసుకునేది. జ్వరం నీరసం అనుకున్నాం. అన్నిటికంటే వింత ఏమిటంటే, ఎన్నడూ లేనిది, నన్ను అడగడం మొదలుపెట్టింది.

"ఏమే గిరిజా, ఈ జాడీ చూడు. సరిపోయిందా?"

నేను వంగి చూసేదాన్ని. ఒక్కోసారి పచ్చకర్పూరం ముక్కుపుటాలు అదిరేలా కొట్టేది. ఒక్కోసారి పైన వేసిన సుగంధమే తెలిసేది కాదు. కానీ కొత్త కోడల్ని. ఆమె చేతిలో తప్పు పట్టడానికి నాకు ధైర్యం ఉందో లేదో చూస్తోందనుకున్నాను. "బాగుందత్తా" అనేదాన్ని. "సరిగా చూసినావా?" అని రెట్టించేది. "చాలా బాగుందత్తా." అలా జాడీ తర్వాత జాడీ మా ఇంట్లోంచి బయటికి పోయింది.

ఒకరోజు వెనక సందులో ఉండే పద్మక్క సీసా పట్టుకుని వచ్చింది. ఆమె కూతురు పురిటికి వచ్చి ఉంది. కొంగులో దాచి తెచ్చిన సీసా బయటికి తీసి, "రత్నమ్మా, తప్పుగా అనుకోవద్దు. ఈ తూరి నూనె కనరు కొడతా ఉండాది. బిడ్డ తలకి పెట్టను మనసు రాలేదు" అంది. అత్త సీసా తీసుకుని, అరచేతిలో పోసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుంది. నేను వెనక నిలబడి ఉన్నాను. ఆ మక్కిన కొబ్బరి వాసన నాకు అంత దూరం నుంచే తెలిసింది. అత్త ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు. "మీ ఇంట్లో మూత సరిగా పెట్టుండరు" అంది గట్టిగా. పద్మక్క సీసా అక్కడే వదిలి వెళ్ళిపోయింది. ఆ తర్వాత కిటికీ దగ్గరికి వచ్చే మనుషులు పలచబడ్డారు. రత్నమ్మ నూనెలో ఏదో కలుపుతోందని సందులో గుసగుసలు వినబడ్డాయి. పసిబిడ్డల తలకు పెట్టే నూనె మీద అలాంటి మాట పడితే ఆ ఇంటికి ఇంకేం మిగులుతుంది?

మాకు గ్యాసు పొయ్యి వచ్చి అప్పటికి ఎన్నాళ్ళో కాలేదు. ఒక సాయంత్రం నేను సంతలో దవనం కొనుక్కుని ఇంటికి వచ్చి తలుపు తోసేసరికి గ్యాసు వాసన గుప్పున కొట్టింది. ముక్కు మూసుకుని వంటింట్లోకి పరిగెత్తాను. అత్త నేల మీద కూచుని ఉంది. ముందర ధూపం గిన్నెలో బొగ్గులు పేర్చి ఉన్నాయి. ఒక చేతిలో అగ్గిపెట్టె, ఇంకో చేతిలో పుల్ల. దవనం కట్ట పడేసి ఆమె చేతి మీద కొట్టాను. అగ్గిపుల్లలన్నీ నేల మీద చెల్లాచెదరయ్యాయి. సిలిండరు కట్టేసి, పెరటి తలుపూ కిటికీలూ తెరిచి, ఆమెను రెక్క పట్టుకుని పెరట్లోకి లాక్కొచ్చాను. రబ్బరు గొట్టం ఎక్కడో చిట్లింది.

"ఏమే, చేతిని అట్ల కొట్టేస్తివి? పిచ్చి పట్టిందా నీకు?" అని అరిచింది అత్త.

"గ్యాసత్తా! ఇల్లంతా గ్యాసు నిండిపోయింది. నీకు వాసన రాలేదా?"

ఆమె తన చేతుల వైపు చూసుకుంది. బట్టలుతికే రాయి మీద మెల్లగా కూచుంది.

"లేదే" అంది. "ఏదీ రాదు. జరము ఇడిసిన దినము నించి ఏదీ రాదు. పూవు లేదు, కాఫీ లేదు, పేడ లేదు. అన్నం తింటే మన్ను తిన్నట్టుండాది" అంది.

"మరి చెప్పలేదేమత్తా?"

"ఏమని చెప్పేది? నూనె రత్నమ్మకు ముక్కు పోయిందని దండోరా ఏసేదా? దినామూ పొద్దున లేస్తానే వట్టివేరు తీసి ముక్కు కాడ పెట్టుకుంటా ఉండాను. ఈ పొద్దు వస్తాది, ఈ పొద్దు వస్తాది అని." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఉన్నట్టుండి నా వైపు తిరిగింది. "అయినా నిన్ను అడగలేదా నేను? ఒక్కొక్క జాడీకీ అడిగినాను గదా. అన్నిటికీ బాగుంది, బాగుంది అంటివి!"

అప్పుడు అర్థమైంది నాకు. "నువ్వు నన్ను పరీక్ష పెడతా ఉండావనుకున్నానత్తా" అన్నాను.

ఆమె నోరు తెరిచి నన్ను చూసింది. "నిన్నా? పరీక్షా?" అంది. ఆ కళ్ళనీళ్ళతోనే నవ్వు మొదలైంది ఆమెకు. నాకూ ఆగలేదు. చీకటి పడుతున్న పెరట్లో, తలుపులన్నీ బార్లా తెరిచిన ఇంటి వెనక, అత్తా కోడళ్ళం పిచ్చివాళ్ళలా నవ్వాం. పెళ్ళయ్యాక ఆమె ముందు నేను గట్టిగా నవ్వింది అదే మొదలు.

ముక్కు డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. జ్వరానికి నరం దెబ్బతిన్నదనీ, తిరిగి రావచ్చు, రాకపోవచ్చనీ అన్నాడు. బయటికి వచ్చి బస్టాండు దాకా నాకంటే ముందు నడిచింది. షేరు ఆటో ఎక్కబోతూ నా చెయ్యి పట్టుకుని, "సీనూకి చెప్పొద్దు. తెలిస్తే నూనె ఆపించేస్తాడు. వాడికి నా మీద ఉండే ప్రాణము అట్లాటిది. ఆపేస్తే నేనేమి చేసేది చెప్పు, దినమంతా?" అంది. చెప్పనని మాటిచ్చాను.

మరుసటి రోజు నుంచి నా చదువు మొదలైంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మిద్దె మీద జాడీల నడుమ కూచునేవాళ్ళం. మూత విప్పి, నా మణికట్టుకు బొట్టు రాసి, "చెప్పు" అనేది.

"బాగుందత్తా."

"బాగుండేదానికి పేరు లేదా? సరిగా చూసి చెప్పు."

నాకు మాటలు తెలిసేవి కావు. వాసనకు పేరు పెట్టాలంటే ఇంకో వస్తువు దగ్గరికే పోవాలని అప్పుడు తెలిసింది. నాకు తెలిసిన వస్తువులన్నీ మా ఊరివి. కచ్చూరాలు చూసి, "మా తోటలో పచ్చికొమ్మ విరిస్తే కారే జిగురు లాగా ఉందత్తా" అన్నాను. ఆమె కళ్ళు మూసుకుని, "ఆఁ, అదే. జిగురు చేతికి అంటినట్టుందా, దూరముగా ఉందా?" అని అడిగింది. జటామాంసి వానలో తడిసిన గొంగళి. తుంగముస్తెలు చెరువు ఎండినాక పగుళ్ళలోంచి వచ్చే ఆవిరి. దవనం చూసి, మామిడిపళ్ళ గదిలో ఎండుగడ్డి పైకెత్తగానే వచ్చే గాలి అన్నాను. పచ్చకర్పూరానికి ఎంత వెతికినా మాట దొరక్క, "చల్లగా ఉందత్తా, పళ్ళు జిల్లుమన్నట్టు" అంటే, ఆమె తొడ మీద కొట్టుకుని నవ్వింది. ఆమెకు మామిడి తోటలు తెలియవు. వాటిని నేను చెప్పాల్సి వచ్చేది. పళ్ళ గదిలో గడ్డి ఎట్లుంటుంది, ఎవరు కప్పుతారు, లోపల వెచ్చగా ఉంటుందా అని అడిగేది. నేను చెప్పింది విని, తన జ్ఞాపకంలో ఉన్న వాసనతో కలిపి చూసుకుని, "అట్లయితే ఇంగ రెండు బొట్లు మల్లెనూనె పొయ్యి" అనేది. పోసి చూస్తే సరిగ్గా కుదిరేది. అలా మిద్దె మీద కూచుని కూచుని మా ఊరంతా ఆమెకు చెప్పేశాను. తన చిన్నతనం, మామగారి కోపాలు, మొదటి జాడీ పాడైన రోజు ఆమె నాకు చెప్పింది. మాటల మధ్యలో నిద్ర వచ్చేది. గంధపు చెక్క తలకింద పెట్టుకుని ఆమె, గోడ నీడలో నేను, అలాగే కునుకు తీసేవాళ్ళం. లేచేసరికి ఒళ్ళంతా నూనె వాసన.

జాడీలు మళ్ళీ కుదురుకున్నాయి. పద్మక్క తనంతట తనే వచ్చి సీసా నింపించుకుపోయింది. ఇక భయం లేదనుకుంటున్నప్పుడు కృష్ణగిరి నుంచి రుక్మిణమ్మ దిగింది. ఆమె అత్త అన్నగారి భార్య. ఆ ఇంట్లో కూడా నూనె చేస్తారు. మనసు మంచిదే. నోరు మాత్రం పదును. కాళ్ళు కడుక్కుని కూచోగానే, "రత్నా, నీ ముక్కు మొద్దుబారిందని కృష్ణగిరి దాకా చెప్పుకుంటా ఉండారు. నిజమా?" అంది. ఆ సాయంత్రం సీనప్ప కూడా ఇంట్లోనే ఉన్నారు. రుక్మిణమ్మ సంచిలోంచి చిన్న సీసా తీసింది. "బెంగళూరు నించి తెప్పించినాను. జాడీకి రెండు చుక్కలేస్తే చాలు, ఎండా వద్దు, పూవూ వద్దు. ఇది ఏ పూవో చెప్పు చూస్తాను."

సీసా మూత తీసి అత్త ముక్కు కింద పెట్టింది. అత్త నిమ్మళంగా చూసి, సీసా నా వైపు చాచింది. "కోడలికి నేర్పిస్తా ఉండాను వదినా. ముందు అది చెప్పనీ."

నేను చూశాను. మల్లె లాగే ఉంది. కానీ మల్లె గంప దించినప్పుడు వచ్చే తడి లేదు, ఆకు పచ్చిదనం లేదు. ఒక్కసారిగా వచ్చి, అక్కడే నిలబడిపోయింది. మిద్దె మీద మాట్లాడుకున్నట్టే చెప్పాను. "అత్తా, పూలు ఉండాయి గానీ, కింద ఆకు లేదు. పొద్దున గంప కాదు, సాయంత్రం గంప కాదు. ఏ పొద్దుదీ కాదు. వెనకాల కొత్త ప్లాస్టిక్ బిందె ఉండాది."

అత్త తల ఊపింది. రుక్మిణమ్మ వైపు తిరిగి, "వదినా, ఇది మల్లెపూవు కాదు. మల్లెపూవు ఫోటో" అంది.

రుక్మిణమ్మ "ఊరోళ్ళకి పని లేదు" అని సీసా సంచిలో పెట్టేసుకుంది. సీనప్ప పెద్దగా నవ్వారు. నేను వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకున్నాను. కాసేపటికి అత్త కూడా వచ్చింది. నవ్వుతుందనుకున్నాను. పొయ్యి గట్టును ఆనుకుని నిలబడి ఏడుస్తోంది. "గెలిచినాము గదత్తా" అన్నాను. "గెలిచింది నువ్వు. నాకు మాత్రము సీసాలో నీళ్ళున్నట్టే ఉండింది" అంది.

పొద్దున రుక్మిణమ్మ బస్సుకు బయలుదేరుతుంటే అత్త అందరినీ ముందు గదిలోకి పిలిచింది. జాడీల పక్కన నిలబడి చెప్పేసింది. "వదినా, ఊరోళ్ళు చెప్పింది నిజమే. నాకు ముక్కు లేదు. జరముతో పోయింది. నిన్న మాట నాది, వాసన ఈ పిల్లది. ఇంగ దాచేదానికి నా చేత కాదు. ఈ పొద్దు నించి కడపటి చెయ్యి గిరిజదే."

సీనప్ప ముఖం పాలిపోయింది. "నాకు చెప్పలేదేమమ్మా?" అని మాత్రం అన్నారు. రుక్మిణమ్మ సంచి కింద పెట్టి, అత్తను దగ్గరికి తీసుకుని, "ఇంత కాలము ఒక్కదానివే మోసినావా రత్నా" అంది. "ఒక్కదాన్ని కాదు వదినా" అంది అత్త, నా వైపు చూడకుండానే. ఆ పొద్దు రుక్మిణమ్మ బస్సు తప్పిపోయింది. మధ్యాహ్నం భోజనం చేసి వెళ్ళింది.

ఆనాటి నుంచి సీనప్ప అన్నం దగ్గర కూచుంటే వాళ్ళమ్మకు వాసనలు చెప్పడానికి ప్రయత్నించేవారు. పాపం, ఆయనకు అది వచ్చేది కాదు. "అమ్మా, ఈ పొద్దు సాంబారు... సాంబారు వాసన వస్తా ఉండాది" అనేవారు. అత్త "బాగా చెప్పినావు నాయనా" అని, నా వైపు తిరిగి కళ్ళతో నవ్వేది. అయినా ఆ రోజుల్లో ఆమె మళ్ళీ కడుపు నిండా తినడం మొదలుపెట్టింది. సందులో సంగతి తెలిసింది. కొందరు రావడం మానేశారు. చాలామంది వచ్చారు. వచ్చినవాళ్ళు కిటికీ దగ్గర నిలబడి అడిగేది మాత్రం రత్నమ్మ నూనెనే. నా పేరుతో ఎవరూ అడగలేదు. నాకూ అదే బాగుండేది.

ఆమెకు వాసన తిరిగి రాలేదు. చివరిదాకా రాలేదు. నూనెకు గిరాకీ మెల్లమెల్లగా తగ్గింది. దానికి ఎవరి ముక్కూ కారణం కాదు. అంగళ్ళ ముందు షాంపూ ప్యాకెట్లు దండల్లా వేలాడడం మొదలైంది. ఫ్యాక్టరీలకు పోయే ఆడపిల్లలకు తలకు నూనె పెట్టుకుని కూచునే తీరిక లేకపోయింది. మిద్దె మీద జాడీలు ఒక్కొక్కటే తగ్గి, చివరికి ఇంట్లోకి సరిపడా ఒక్క జాడీ మిగిలింది. దాన్నే ఎండలో పెట్టుకుని పక్కన కూచునేది. ఆమె పోయాక, సీనప్ప పని మానుకున్నాక, మేం కృష్ణగిరికి వచ్చేశాం. ఇప్పుడు మా ఇంట్లో అంట్ల సబ్బుకు నిమ్మకాయ వాసన, నేల తుడిచే నీళ్ళకు పైను చెట్టు వాసన. ఆ పైను చెట్టును నేను జన్మలో చూడలేదు. ఇవేవీ చెడ్డవని అనను. పని తొందరగా అవుతుంది, ఇల్లు శుభ్రంగా ఉంటుంది. కానీ ఆ ఇంట్లో వాసన అంటే ఎదురుచూడాల్సిన సంగతి. నువ్వులకు పువ్వు పట్టేదాకా, నూనెకు ఎండ పట్టేదాకా ఒక మనిషి దాని పక్కన కూచోవాలి. మా విషయంలో ఇద్దరు కూచోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఏ వాసననూ ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన అవసరం లేదు. ఒక్కదాన్నే ఉన్నప్పుడు నేను ఇంకా చెబుతూ ఉంటాను. వాన మొదలైతే, పక్కింట్లో కాకర వేపుడు వేగుతుంటే, పెదవులు వాటంతట అవే కదులుతాయి.

ఆ ఏళ్ళల్లో ఒక పొద్దు మాత్రం విడిగా నిలిచిపోయింది నాకు. మా పాప పుట్టిన కొత్తలో సంగతి. కాన్పు హోసూరులోనే అయింది. అత్త పెరట్లో పీట వేసుకుని, కాళ్ళు చాపి, పాపను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసింది. మెత్తటి పాత చీర గుడ్డలో తుడిచి, ఒళ్ళోకి తీసుకుంది. పక్కన ధూపం గిన్నెలో బొగ్గులు ఎర్రగా ఉన్నాయి. పొగ పట్టడానికి గంప బోర్లించి ఉంది. సాంబ్రాణి పొడి నా చేతిలో ఉంది. ఆమె వంగి పాప మాడు మీద ముక్కు ఆనించి, ఆగిపోయింది.

అలవాటు కొద్దీ నేనే మొదలుపెట్టాను. "అత్తా, ఇది..." అని దగ్గరికి జరిగి చూశాను. పాలు అందామంటే పాలు కాదు. కొత్త గుడ్డ కాదు, వెచ్చటి అన్నం కాదు. మా ఊరి మాటల్లో వెతికాను. ఆ ఇంట్లో నేర్చుకున్న మాటల్లో వెతికాను. ఏదీ సరిపోలేదు. "దీనికి మాట దొరకలేదత్తా" అన్నాను.

"దొరకదులే. చెప్పొద్దు" అంది తల ఎత్తకుండా. "ఇది నాకు తెలుసు. సీనూ తలకీ ఇదే."

నేను సాంబ్రాణి చిటికెడు తీసి బొగ్గుల మీద వేయబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. ఆ ఇంట్లో ఏ వస్తువునూ వట్టిగా వదిలిన మనిషి కాదు ఆమె.

"వద్దే. ఈ తలకి ఇప్పుడే ఏమీ వద్దు. కొన్నాళ్ళు ఇట్లే ఉండనీ."

మళ్ళీ పాప తల మీద ముఖం ఆనించుకుంది. ఎండ పెరటి గోడ దిగి ఆమె పాదాల మీదికి వచ్చింది. బొగ్గులు బూడిద పట్టేదాకా ఆమె అలాగే కూచుని ఉంది.